సిరొంచలో నా మొదటి ఎయిర్‌గన్: పది వేల రూపాయల లోపు ఎంపిక

నేను మొదట కొనాలనుకున్నది ఎయిర్‌సాఫ్ట్ తుపాకి. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీలను పేల్చే ఈ తుపాకులు జపాన్‌లో పుట్టాయి. చూడటానికి అచ్చం అసలు ఆయుధాల్లాగే ఉంటాయి కానీ బలం చాలా తక్కువ, 0.20 గ్రాముల గోళీ సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి ఒక్క జౌలు మాత్రమే. పది వేల రూపాయలకు మించి ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు కనుక ముందుగా వాటిలోని రకాలను తెలుసుకున్నాను. బ్యాటరీతో నడిచే రకానికి తుపాకి ధరతోపాటు బ్యాటరీ, ఛార్జరు, లోపలి గేర్ల మరమ్మతు కూడా లెక్కలోకి వస్తాయి. గ్యాసు రకం వాతావరణాన్ని బట్టి మారుతుంది. వేసవిలో మా గోదావరి ఒడ్డున కాసే ఎండకు లోపలి పీడనం పెరుగుతుంది కనుక కాలాన్ని బట్టి ఒక్కో రకంగా పేలుతుంది. చివరకు ప్రతి గోళీకీ చేత్తో లాగి బిగించే స్ప్రింగు రకం ఒక్కటే నాకు అందుబాటులో కనిపించింది.

అయితే ధర కంటే పెద్ద అడ్డంకి మా ప్రాంతమే. సిరొంచ ఉన్నది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో. దశాబ్దాలపాటు మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య నలిగిన జిల్లా ఇది. మంచిర్యాలలో ఉండే మా మేనమామకు నా ఆలోచన చెప్పగానే, "నాకాబందీల ఆపినోళ్లకు ఇది ఆటబొమ్మ అని ఎట్ల చెప్తవు అల్లుడా? నువ్వు చెప్పేదాక వాళ్లు ఆగుతరా?" అన్నాడు. అందులో అతిశయోక్తి ఏమీ లేదు. అసలు తుపాకిలా కనిపించడమే ఎయిర్‌సాఫ్ట్ ఆకర్షణ. మా దారుల్లో అదే దాని ప్రమాదం. పైగా ఎయిర్‌సాఫ్ట్‌తో ఆడే ఉత్తుత్తి యుద్ధపు ఆటకు రెండు జట్లు, కళ్లను కాపాడే అద్దాలు, విశాలమైన మైదానం కావాలి. అదే పది మీటర్ల దూరంలోని కాగితం మీద గురి సాధనకైతే ఒక మనిషి, ఒక గోడ చాలు. అందుకే భుజానికి ఆనించే చెక్క పిడి ఉన్న, వేటగాళ్ల కాలం నాటి రూపం గల మామూలు ఎయిర్ రైఫిల్ వైపు మొగ్గాను.

చట్టం కూడా నా ఎంపికను సులభం చేసింది. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు మించినా, శక్తి 20 జౌళ్లకు మించినా లైసెన్సు కావాలి. ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, అర గ్రాముది సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్తే పది జౌళ్లే అవుతుంది కనుక, సాధారణ 4.5 రకం ఆ హద్దుకు చాలా దూరంలో ఉంటుంది. దుకాణాల్లో వేగం అంకెలను గొప్పగా చూపిస్తారు గానీ, నా దృష్టిలో కాగితానికి రంధ్రం చేయడానికి ఆ గొప్పలతో పని లేదు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిన పది మీటర్ల పోటీలోనూ వాడేది ఈ 4.5 మిల్లీమీటర్ల గొట్టమే. అక్కడ పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు.

దుకాణంలో నేను ఎక్కువ సేపు చూసింది గొట్టం మడతను. మధ్యలో విరిచి స్ప్రింగును బిగించే ఈ రకంలో, మూసిన తర్వాత గొట్టం కొసను పట్టుకుని పక్కలకు ఊపితే ఏ మాత్రం కదలిక ఉండకూడదు, ఎందుకంటే అక్కడి సందు పది మీటర్ల దూరంలో గురిని చెడగొడుతుంది. ఒక తుపాకిలో సన్నని టక్కుమనే చప్పుడు వినిపించగానే దానిని పక్కన పెట్టాను. విరిచిన గొట్టాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఉంచి, రెండో చేతి బొటనవేలితో పెల్లెట్ అంచు సమంగా కూర్చునేలా నొక్కాలని, పట్టు వదిలితే గొట్టం ఎగిరి వేళ్లు నలుగుతాయని యజమాని చేసి చూపించాడు. పెల్లెట్ లేకుండా పేలిస్తే స్ప్రింగు పాడవుతుందని కూడా హెచ్చరించాడు. ఆధార్ నకలు తీసుకుని బిల్లు ఇచ్చాడు. ఆ బిల్లును ఇప్పటికీ తుపాకి సంచిలోనే ఉంచుతున్నాను.

మిగిలిన డబ్బుతో రక్షణ కళ్లద్దాలు, గురి కాగితాలు, వేర్వేరు ఆకారాల పెల్లెట్ల చిన్న డబ్బాలు కొన్నాను. మొన చదునుగా ఉన్నవి కాగితంలో శుభ్రమైన గుండ్రటి రంధ్రం చేస్తాయి, కోణంగా ఉన్నవి చింపుతాయి. లెక్కించడానికి మొదటివే అనుకూలం. పాత గుడ్డలు, దినపత్రికలు కుక్కిన చెక్కపెట్టెను మట్టి గోడకు ఆనించి దాని ముందు కాగితం పెట్టాను. ఇనుప గోళీలు గట్టి తలానికి తగిలి వెనక్కి వస్తాయి కనుక వాటిని ఇంట్లోకే రానివ్వలేదు. మా వీధిలో వాళ్లు మిరప తోటల్లో కోతులను తరమడానికి తుపాకిని అడిగారు. ఇది జీవుల మీద పేల్చడానికి కాదని చెప్పి ఇవ్వలేదు. మొహమాటపడితే గురి తుపాకి పిట్టల తుపాకిగా మారడానికి ఎంతో సేపు పట్టదు.

టెలిస్కోపు కొనమని చాలామంది అన్నారు. స్ప్రింగు తుపాకి వెనక్కీ ముందుకూ రెండు వైపులా కుదుపు ఇస్తుంది కనుక చవక టెలిస్కోపు అద్దాలు దానిని తట్టుకోవు. అందుకే ప్రస్తుతానికి గొట్టం మీదే ఉండే ఇనుప సైట్లతోనే (గురి చూసే గుర్తులతోనే) సాధన చేస్తున్నాను.