ఫెయిల్ చేసే కోర్సు

ఆదివారం, కార్తీక మాసం. బరంపురంలో చలి ఇంకా మొదలవలేదు గానీ మా అత్తయ్య దుప్పట్లు మాత్రం ఎండకేశారు.

కాఫీ కలుపుతుంటే ఫోన్ మోగింది. కిందటేడు సెలవుల్లో స్కూబా డైవింగ్‌కి వెళ్ళిన చోటి నుంచి మెసేజ్. అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ కోర్సు, రెండు రోజులు, అయిదు డైవులు, రాత పరీక్ష లేదు, ఈ నెలలో డబ్బు కడితే తగ్గింపు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ కోర్సు నడిపే పాడి (PADI) అనే డైవింగ్ శిక్షణ సంస్థ నిబంధనల ప్రకారం దానికి అయిదు డైవులే. లోతుగా వెళ్ళేది ఒకటి, దిక్సూచి పట్టుకుని దారి వెతుక్కునేది ఒకటి తప్పనిసరి. మిగతా మూడూ మన ఇష్టం. అవి ముగిస్తే ఇప్పుడు నా డైవర్ కార్డు మీదున్న 18 మీటర్ల లోతు హద్దు 30 మీటర్లవుతుంది.

నేను ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. పరీక్ష లేదన్న సంగతిని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే నాకు చిరాకు. చేరిన ప్రతివాడూ పాసయ్యే క్లాసు మా కాలేజీలో ఉంటే దాని మార్కుల జాబితాని ఎవరూ తిరగేసి కూడా చూడరు.

కొన్నాళ్ళుగా నా మనసులో నలుగుతున్నది వేరే క్లాసు. గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ అని ఒక సంస్థ ఉంది, జీయూఈ అంటారు. ఫ్లోరిడాలో నీటితో నిండిన గుహల్లో ఈదేవాళ్ళ మధ్య పుట్టింది. 1998లో జారొడ్ జబ్లాన్‌స్కీ మొదలుపెట్టాడు. గుహలో ఏదైనా తేడా వస్తే తిన్నగా పైకి లేచి ఊపిరి పీల్చుకోవడం కుదరదు, పైన రాయి ఉంటుంది. అందుకని వాళ్ళు ప్రతి చిన్న అలవాటునీ గీసి గీసి చూసుకున్నారు. వాళ్ళ మొదటి మెట్టు పేరు ఫండమెంటల్స్. అందులో కొత్త లోతులేం చూపించరు. నీళ్ళలో అడ్డంగా, కదలకుండా, అనుకున్న లోతులోనే నిలబడడం నేర్పుతారు. మనం చేసిందంతా వీడియో తీసి సాయంత్రం మనకే చూపిస్తారు. సరిగ్గా చేయకపోతే ఫెయిల్ చేస్తారు. కొద్దిలో తప్పినవాళ్ళకి కొంత గడువిచ్చి, సాధన చేసి మళ్ళీ వచ్చి చూపించమంటారు.

గుహల మొహం చూడని నాకు ఇదంతా ఎందుకని మావారి ప్రశ్న. నిజమే, నేను ఏ గుహలోకీ వెళ్ళను. ఏడాదికోసారి, మహా అయితే రెండుసార్లు, సెలవులు చూసుకుని దిగే మనిషిని. కానీ సరిగ్గా అందుకే నాకు గట్టి క్లాసు కావాలనిపిస్తోంది. రోజూ దిగేవాళ్ళ అలవాట్లని నీళ్ళే దిద్దుతాయి. తప్పు పడితే మర్నాడే తెలిసిపోతుంది. మధ్యలో పది నెలలు చాక్‌పీసు పట్టుకునే నాకు దిద్దేవాళ్ళెవరు? తక్కువ దిగేవాళ్ళకి తేలిక కోర్సు చాలన్నది డైవింగ్‌లో చాలామంది మాట. నాకు అది తలకిందులుగా కనిపిస్తుంది.

మాస్కు సంగతే తీసుకుంటాను. అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో మొదటి కోర్సు ఓపెన్ వాటర్ నేర్చుకున్నప్పుడు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మాస్కులోకి నీళ్ళు వదలమన్నారు. తల కొంచెం పైకెత్తి, మాస్కు పైఅంచు నుదుటికి అదిమి, ముక్కుతో గాలి వదిలితే నీళ్ళు కింద నుంచి పోతాయి. కూర్చుని చేస్తే ఎవరికైనా వస్తుంది. అదే పని నీటి మధ్యలో, కింద ఇసుక లేకుండా చేయాలంటే కథ మారుతుంది. ముక్కుతో గాలి వదిలిన మరుక్షణం ఊపిరితిత్తులు ఖాళీ అయి మనిషి కిందకి జారతాడు. కంగారుపడి గట్టిగా గాలి పీలిస్తే పైకి లేస్తాడు. కళ్ళలో ఉప్పునీళ్ళు, లోతు చూపించే కంప్యూటర్ మసక. పైకి లేస్తున్నామో జారుతున్నామో చెవుల్లో ఒత్తిడిని బట్టి గుర్తుపట్టాలి. నిజంగా మాస్కు ఊడేది ఇలాంటి చోటే. పక్కవాడి కాలికున్న ఫిన్ను తగిలి ఊడుతుంది, మోకాళ్ళ మీద కూర్చునేదాకా ఆగదు.

గాలిబుడగ లెక్క ఏటా బోర్డు మీద చేయిస్తాను. చెరువు అడుగు నుంచి పైకి వచ్చేసరికి బుడగ ఎంత పెరుగుతుంది? 10 మీటర్ల లోతు నుంచి పైకొస్తే రెట్టింపు. పిల్లలు బాయిల్ సూత్రం రాసి మార్కులు పట్టుకుపోతారు. ఊపిరి బిగబట్టి పైకి వచ్చే డైవర్ లోపల కూడా అదే బుడగ. మీటరు చిల్లర లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తికి గాయం కావచ్చు. లోతే ప్రమాదమని బయటివాళ్ళు అనుకుంటారు గానీ, గాలి వేగంగా పెరిగేది ఆఖరి మీటర్లలోనే. అక్కడే మనిషి నిలకడగా ఉండాలి.

ఏడింటికి ఈతకొలనుకి వెళ్ళాను. ఆడవాళ్ళ బ్యాచ్‌లో ఎక్కువమంది బరువు తగ్గడానికి వచ్చేవాళ్ళే, కబుర్లు ఎక్కువ, ఈత తక్కువ. ఫండమెంటల్స్‌లో పాసవ్వాలంటే 275 మీటర్లు ఆగకుండా 14 నిమిషాల్లో ఈదాలి, నీటి అడుగున ఒక్క ఊపిరితో 15 మీటర్లు వెళ్ళాలి. మా కొలను 25 మీటర్లు, అంటే ఈ గోడ నుంచి ఆ గోడకి 11 సార్లు. వేళ్ళు ముడుచుకుంటూ లెక్కపెట్టాను. సమయానికి అయింది, ఊపిరి మాత్రం గోడ పట్టుకున్నాక చాలాసేపటికి గానీ కుదుటపడలేదు. అడుగున 15 మీటర్లు ఇంకా భయంగానే ఉంది. ఓపెన్ వాటర్‌కి 200 మీటర్లు ఎంతసేపట్లో ఈదినా సరేనన్నారు.

వస్తూ బస్టాండు దగ్గర బరా, ఘుగుని కట్టించుకొచ్చాను. అత్తయ్య ముట్టలేదు, కార్తీకంలో బయట తిండి తినరు.

టిఫినయ్యాక ఒక పాత కాయితం వెనక లెక్క వేశాను. సిలిండర్‌లో మిగిలిన గాలి ఒత్తిడిని బార్లలో చూపించే మీటరు ముల్లు 50కి రాగానే పైకి బయల్దేరమని పడవ మీద చెప్తారు. ఎందుకు 50 అని అడిగితే, అదంతే అంటారు. 30 మీటర్ల దగ్గర ఒకరి గాలి పూర్తిగా అయిపోయి, ఇద్దరం ఒకే సిలిండర్ మీద పైకి రావాలనుకుందాం. అక్కడ ఒత్తిడి 4 బార్లు, నీటి మట్టం దగ్గర 1, సగటు 2.5. కంగారులో మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే ఇద్దరికీ కలిపి 40. ఏమైందో అర్థమై గాలి అందుకోవడానికి ఒక నిమిషం, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి మూడు నిమిషాల పైన, జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర ఆగడానికి 3 నిమిషాలు. ఏడున్నర అనుకుందాం. 40ని 2.5తో, మళ్ళీ 7.5తో గుణిస్తే 750 లీటర్లు. మనకి మామూలుగా ఇచ్చే 11 లీటర్ల సిలిండర్‌లో అది 68 బార్లు. ఇదే లెక్క 18 మీటర్లకి వేస్తే 41 బార్లే వస్తుంది. అంటే ఆ 50 నా పాత హద్దుకి సరిపోతుంది, పొద్దున మెసేజ్‌లో అమ్మజూపిన హద్దుకి చాలదు. ఫండమెంటల్స్‌లో ఈ లెక్క ముందే చేయిస్తారు. నిజానికి దీనికి ఏ సంస్థా అక్కర్లేదు, తొమ్మిదో తరగతి గుణకారం చాలు. కానీ నేర్పకపోతే ఎవరూ వేసుకోరు.

వాళ్ళలో నాకు నచ్చనివీ ఉన్నాయి. గేరు వాళ్ళు చెప్పినట్టే ఉండాలి, గొట్టం పొడవుతో సహా. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్‌కి రెండు మీటర్ల పైన గొట్టం. గాలి అయిపోయినవాడికి మన నోట్లోదే తీసి ఇచ్చేయాలి, గడ్డం కింద తాడుకి వేలాడే రెండోది మనం పెట్టుకోవాలి. ఎందుకంటే పనిచేస్తోందని ఖాయంగా తెలిసింది నోట్లో ఉన్నదే, భయపడ్డవాడి చెయ్యి పోయేదీ అక్కడికే. ఈ కారణం విన్నాక పేచీ పెట్టలేకపోయాను. ఆ సంస్థవాళ్ళు కొందరు మాత్రం మిగతా లోకమంతా డైవింగ్ చేతకాని జనమన్నట్టు మాట్లాడతారు. ఆ ధోరణికి డబ్బులు కట్టను. నిదానంగా, గట్టిగా నేర్పే శిక్షకులు పాడిలోనూ ఉన్నారు. రెస్క్యూ డైవర్ కోర్సు చేసినవాళ్ళు ఎవరూ దాన్ని తేలిక అనలేదు. కాకపోతే మంచి శిక్షకుడు దొరకడం మన అదృష్టం మీద ఆధారపడకూడదు కదా.

మధ్యాహ్నం మావారికి గోపాల్‌పూర్‌లో పనుంటే నేనూ వెళ్ళాను. సముద్రం ఇంటి పక్కనే ఉండి దిగలేని ఊరు మాది. రుషికుల్య, బాహుదా తెచ్చే మట్టి, ఒడ్డున విరిగే కెరటాలు, అడుగంతా ఇసుక. డైవింగ్ అంటే రైలెక్కి విశాఖ ఋషికొండ దాకా పోవలసిందే. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దయ్య ఒకాయన మాకు తెలుసు. ఒడియావాళ్ళు నోలియాలంటారు గానీ వాళ్ళ ఇంట్లో మాట మన తెలుగే. తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య ముఖద్వారం వైపు 20 కిలోమీటర్ల మేర వేట బంద్, ఆ గొడవే చెప్తున్నాడు. మధ్యలో నా సంగతి వచ్చింది.

"సిలిండరు కట్టుకుని దిగి ఏటి తెస్తావమ్మా?"

"ఏమీ తేను. చూసి వచ్చేస్తాను."

"దానికి ఆళ్ళే డబ్బులిస్తారా?"

నేనే ఇవ్వాలన్నాను. ఈసారి నేర్పినాక పాస్ చేయకపోవచ్చు కూడా అన్నాను. ఆయన వల వదిలేసి మావారి మొహం చూశాడు. మావారు సముద్రం చూశారు.

రాత్రి థాయ్‌లాండ్‌లోని శిక్షకుడికి పంపాల్సిన ఫారం ముందేసుకున్నాను. వేసవి సెలవులు అడిగాను, ఆలోగా ఆ 15 మీటర్ల సంగతి తేల్చుకోవాలి. పొగతాగుతారా అని ఒక ప్రశ్న ఉంది. తాగేవాళ్ళని చేర్చుకోరు, మావారికి ఆ దారి అలా మూసుకుపోయింది. ఆస్తమా, చెవి ఆపరేషన్లు, గుండె జబ్బులు, అన్నిటికీ లేదు లేదు అని టిక్ పెట్టుకుంటూ పోయాను. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్న దగ్గర ఆగి మావారి నంబరు వేయబోతుంటే అత్తయ్య అడ్డుపడ్డారు.

"నాది రాయమ్మా. ఆడు ఫోనెత్తుతాడేటి?"

"వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడతారు అత్తయ్యా."

"నాను ఒడియాలో సెప్తాను. ఆళ్ళకి అవసరవైతే ఆళ్ళే తెలుసుకుంతారు."

అత్తయ్య నంబరే రాసి పంపేశాను.