కాకినాడ డాబా మీంచి మూడు అక్టోబర్లు: నా హామ్ రేడియో కాంటెస్ట్ లాగ్

2025 అక్టోబర్ 26 ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఏంటెన్నా దించేశా. హామ్ రేడియో, అంటే లైసెన్స్ తీసుకుని ఇంట్లోంచే రేడియోలో దేశదేశాల వాళ్ళతో మాట్లాడే హాబీ, దాని కాంటెస్ట్ అయిపోడానికి అప్పటికింకా పదమూడున్నర గంటలు ఉంది. తుఫాను కాకినాడ వైపే వస్తుందని పొద్దున్నుంచీ టీవీలో అదే గోల, మా డాబా మీదేమో 24 అడుగుల జీఐ పైపు, నాలుగు తాళ్ళ మీద నిలబడి ఉంది, పడితే సరిగ్గా పక్కింటి వాళ్ళ రేకుల షెడ్డు మీదే పడుతుంది, ఇంకేం ఆలోచించలేదు. మా ఆవిడ కింద పట్టుకుంది, నేను తాళ్ళు వదిలాను, ఇరవై నిమిషాల పని. ఎవరెవరు దొరికారో రాసుకునే లాగ్‌లో చివరి ఎంట్రీ 15 మీటర్ల బ్యాండ్ మీద (బ్యాండ్లని తరంగదైర్ఘ్యంతో పిలుస్తాం) ఒక ఇటలీ స్టేషన్. మొత్తం 214 కాంటాక్ట్‌లు, 17 గంటల కూర్చోడం.

ఈ మూడేళ్ళ లెక్క ఒకచోట రాసుకుందామని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా, ముఖ్యంగా స్కోర్ కన్నా ఏ కేటగిరీలో వేశాను, ఎందుకు వేశాను అన్నది.

తెలియని వాళ్ళ కోసం కాస్త చెప్తా. సీక్యూ డబ్ల్యూడబ్ల్యూ అనేది హామ్ రేడియో కాంటెస్టుల్లో అన్నిటికన్నా పెద్దది, మాటలతో చేసేది అక్టోబర్ చివరి వారాంతం, మోర్స్‌తో చేసేది నవంబర్ చివరి వారాంతం. మన టైమ్‌లో శనివారం పొద్దున 5:30కి మొదలై సోమవారం పొద్దున 5:30కి అయిపోతుంది. అవతలి స్టేషన్‌కి సిగ్నల్ రిపోర్టూ (ఎంత బాగా వినపడుతున్నారో చెప్పే అంకెలు, మామూలుగా 59) మన జోన్ నంబరూ (ప్రపంచాన్ని జోన్లుగా విడగొట్టి ఇచ్చింది) ఇవ్వాలి, ఇండియా జోన్ 22 కాబట్టి నేను 48 గంటలూ చెప్పేది "ఫైవ్ నైన్ టూ టూ" ఒక్కటే. వేరే ఖండం అయితే 3 పాయింట్లు, ఆసియాలో వేరే దేశం అయితే 1, మన దేశం అయితే సున్నా. ఆ పాయింట్లన్నీ కలిపి, ఒక్కో బ్యాండ్‌లో ఎన్ని జోన్లు ఎన్ని దేశాలు దొరికాయో ఆ మొత్తంతో (వాటినే మల్టిప్లయర్లు అంటాం) గుణిస్తే స్కోర్.

2023 అక్టోబర్ నా మొదటిది. లైసెన్స్ 2022 మార్చిలో వచ్చింది, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్, అంటే 50 వాట్ల పవర్ దాకానే. 40 మీటర్లకీ 20 మీటర్లకీ కలిపి ఒకే కోయాక్స్ (ఏంటెన్నా కేబుల్) మీద ఇన్వర్టెడ్ వీ, అంటే తిరగేసిన V ఆకారంలో ఉండే వైర్ ఏంటెన్నా కట్టా. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వైర్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి 20 మీటర్ల చిల్లర, ఒక్కో కాలు పది మీటర్లు, 14.2కి ఒక్కో కాలు ఐదు మీటర్లు. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరే వాడా, ఇన్సులేటర్లకి పీవీసీ పైపు ముక్కలు. కొత్తగా కట్టేవాళ్ళు ఒక్కో కాలు ఒక అడుగు ఎక్కువే ఉంచుకోండి, కోసిన వైర్ మళ్ళీ అతకదు, నానోవీఎన్ఏ (ఏంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో చూపించే చిన్న మీటర్) పెట్టి చూసుకుంటూ కొంచెం కొంచెం వెనక్కి మడుచుకుంటూ రండి. ఆ శనివారం రాత్రే చంద్రగ్రహణం, గ్రహణం పూట డాబా మీదకి వెళ్ళొద్దని అమ్మ గట్టిగా చెప్పింది, నేను గదిలోనే కూర్చున్నా కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది. 64 కాంటాక్ట్‌లు అయ్యాయి. ఒక జపాన్ స్టేషన్ నా కాల్ సైన్ (లైసెన్స్‌తో వచ్చే అక్షరాలూ అంకెల పేరు) ఆరుసార్లు అడిగి మరీ పూర్తిగా రాసుకున్నాడు, ఆయనకి నేనిచ్చేది ఒక్క పాయింట్, ఆ టైమ్‌లో వేరే నలుగురిని పట్టుకోవచ్చు ఆయన, అయినా వదల్లేదు. ఆ ఓపిక నాకిప్పటికీ గుర్తే.

2024కి జనరల్ గ్రేడ్ పాసయ్యా, సెకండ్ హ్యాండ్‌లో ఎఫ్‌టీ-891 రేడియో దొరికింది, 100 వాట్లు. కోయాక్స్ ఏంటెన్నా దగ్గర కలిసేచోట ఎఫ్‌టీ240-43 ఫెర్రైట్ రింగు మీద పన్నెండు చుట్లు చుట్టి చోక్ (కేబుల్ వెంట వచ్చే రొదని ఆపేది) పెట్టా, 40 మీటర్ల మీద సిగ్నల్ మీటర్‌లో ఎస్7 ఉండే రొద ఎస్5కి దిగింది, మొత్తం మూడేళ్ళలో డబ్బుకి తగ్గ పని చేసింది ఆ రింగే అంటా. ఆ ఏడాది 231 కాంటాక్ట్‌లు, 575 పాయింట్లు, 105 మల్టిప్లయర్లు, నేను క్లెయిమ్ చేసింది 60,375.

ఆ శనివారం రాత్రి జరిగిన సంగతి ఇక్కడ చెప్పాలి. మా వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో మాల్దీవులు 15 మీటర్ల మీద ఫలానా ఫ్రీక్వెన్సీలో గట్టిగా వస్తున్నారని పెట్టారు. ఫోన్ పక్కనే ఉంది, చూశా, డయల్ తిప్పా, రెండో పిలుపుకే దొరికేశాడు. పాయింటు ఒక్కటే, జోన్ కూడా మనదే 22, కానీ కొత్త దేశం. నేనేమో అసిస్టెన్స్ లేకుండా చేస్తున్నా అనుకుంటున్నా. క్లస్టర్ (ఎవరు ఎక్కడ వినపడుతున్నారో హామ్‌లు ఇంటర్నెట్‌లో పెట్టే జాబితా) అయినా, వాట్సాప్ అయినా, ఫలానా స్టేషన్ ఫలానా చోట ఉంది అని ఇంకొకళ్ళు చెప్తే విని వాడుకుంటే అది అసిస్టెడ్ కేటగిరీ. తప్పేమీ కాదు, అదో కేటగిరీ అంతే, కానీ ఆ లాగ్‌ని అసిస్టెన్స్ లేని కేటగిరీలో వేయకూడదు. సోమవారం మా మాస్టారికి ఫోన్ చేసి ఒక్క కాంటాక్టే కదండీ, తీసేసి పంపితే సరిపోతుందా అని అడిగా. "అబ్బాయ్, చూశావా? చూశావు. వెళ్ళి పట్టుకున్నావా? పట్టుకున్నావు. మరి అసిస్టెడ్ అని రాసి పంపెయ్, అవతలాయన లాగ్‌లో నువ్వున్నావు, నీ లాగ్‌లో ఆయన లేకపోతే ఎలా?" అన్నారు. అలాగే పంపా. దాంతో క్లాసిక్ ఓవర్‌లే (ఓవర్‌లే అంటే అసలు కేటగిరీతో పాటు అదనంగా ఎంచుకునే విభాగం) పోయింది, ఒకే రేడియో, గరిష్ఠంగా 24 గంటలు, బయటి సాయం లేకుండా చేసేవాళ్ళది అది, నాలాంటి చిన్న స్టేషన్‌కి సరిగ్గా సరిపోయేది. రూకీ ఓవర్‌లే మాత్రం ఉంది, మొదటి లైసెన్స్ వచ్చి మూడేళ్ళు దాటని వాళ్ళకి అది.

తర్వాత కాంటెస్ట్ వాళ్ళు అందరి లాగ్‌లూ ఒకదానితో ఒకటి పోల్చి ఇచ్చే లాగ్ చెకింగ్ రిపోర్ట్ వచ్చింది, అసలు పాఠం నేర్పింది అదే. 231లో 221 మిగిలాయి. ఐదు కాల్ సైన్లు తప్పు విన్నా, రెండు అవతలి వాళ్ళ లాగ్‌లో నేనే లేను, మూడింట్లో జోన్ తప్పు రాశా. జోన్ తప్పైతే ఆ కాంటాక్ట్ పోతుంది అంతే, కాల్ సైన్ తప్పైనా లాగ్‌లో లేకపోయినా కాంటాక్ట్ పోవడమే కాక దాని పాయింట్లకి రెండింతలు జరిమానా, అంటే యూరప్ స్టేషన్ ఒకటి తప్పు రాస్తే 3 పోయి ఇంకో 6 పోతాయి. నా 575 కాస్తా 503 అయింది, మూడు మల్టిప్లయర్లు పోయాయి, చివరికి 51,306. పదిహేను శాతం పోయినట్టు. మొదట చాలా బాధేసింది. కూర్చుని ఒక్కోటీ చూస్తే మాత్రం ప్రతిదీ న్యాయమే అనిపించింది, ఆ లేని రెండింట్లో ఒకటి నాకు బాగా గుర్తుంది, పైలప్‌లో (ఒకే స్టేషన్‌ని చాలామంది ఒకేసారి పిలిచే గోలలో) ఆయన ఇంకో వీయూ (ఇండియా) స్టేషన్‌కి బదులిచ్చాడు, నాకే అనుకుని ఎంటర్ కొట్టేశా, అనుమానం ఉంది, అయినా కొట్టేశా. ఆ జరిమానా లేకపోతే అందరం అలాగే కొట్టుకుంటూ పోతాం కదా.

ఖండాల లెక్క న్యాయమా అని మా గ్రూప్‌లో ఎప్పుడూ వాదనే. కెనరీ దీవులు, మొరాకో యూరప్‌కి దగ్గర్లోనే ఉంటాయి, కానీ ఆఫ్రికా కింద లెక్క, యూరప్ మొత్తం వాళ్ళకి 3 పాయింట్లు, సిగ్నల్ ఒక్క గెంతులో అందుతుంది, అందుకే పెద్ద పెద్ద వాళ్ళు అక్కడికి వెళ్ళి స్టేషన్లు పెడతారు. మనకేమో జపాన్ ఎంత దూరమైనా 1, ఇండోనేషియా దానికన్నా చాలా దగ్గర, అయినా ఓషియానియా కింద 3. రష్యాలో ఉరల్ ఇవతల 1, అవతల 3. మ్యాపు మీద గీసిన గీత అది, దాని మీద ఏడ్చీ లాభం లేదు, నా మటుకు నేను ఇండియాలోని "లో పవర్" (తక్కువ పవర్) కేటగిరీ వాళ్ళతోనే పోల్చుకుంటా. అందరికీ ఒకే నేల ఉండాలంటే ఏం చేయాలో డబ్ల్యూఆర్‌టీసీ (హామ్ రేడియో జట్ల ప్రపంచ పోటీ) వాళ్ళు చేసి చూపించారు, 1990లో సియాటిల్‌లో మొదలైంది, ఇద్దరిద్దరు జట్లు, 2014లో బోస్టన్ చుట్టుపక్కల అయితే అందరికీ ఒకే రకం ఏంటెన్నా, ఒకే ఎత్తు, 100 వాట్లు, ప్రతి గుడారంలో ఒక రిఫరీ. ఎంత శ్రమ పడితే అంత సమానం వచ్చింది. ఏటా వేలమంది ఇళ్ళలోంచి ఆడే ఆటకి అది కుదిరే పని కాదు.

2025లో ఏం మార్చానంటే, 10 మీటర్లకి ఇంకో జత వైర్లు అదే సెంటర్‌కి కలిపా, ఒక్కో కాలు రెండున్నర మీటర్లు. సూర్యుడు మంచి ఊపు మీద ఉన్నాడు (సూర్యుడు చురుగ్గా ఉంటే 10 మీటర్ల మీద దూరాలు బాగా అందుతాయి) కాబట్టి ఆ ఐదు మీటర్ల వైరే బంగారం, శనివారం మధ్యాహ్నం మూడు గంటల్లో యూరప్‌వి 61 కాంటాక్ట్‌లు వచ్చాయి. 15 మీటర్లకి 40 మీటర్ల వైరే మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీ) మీద పనిచేస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ (ఏంటెన్నా ఎంత కుదిరిందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) 2 చూపిస్తుంది గానీ చిన్న ట్యూనర్‌తో సరిపోతుంది. ఇంకోటి, కాంటెస్ట్‌కి వారం ముందు నా సిగ్నల్ ఎంత వెడల్పు ఉందో దూరంగా ఉన్న వెబ్ రిసీవర్‌లో చూసుకున్నా, మైక్ గెయిన్ 50 పెట్టి ప్రాసెసర్ కూడా ఎక్కువే పెట్టా, పక్క స్టేషన్ మీదకి చిందుతోంది. 35కి తగ్గించా. గట్టిగా వినపడాలని పక్కవాడి జాగా తినేయడం కేటగిరీ మోసం కన్నా తక్కువేం కాదని నా అభిప్రాయం. ఇలాంటి పరీక్షలు కాంటెస్ట్ ముందే చేసుకోవాలి, ఆ రెండు రోజులూ మాత్రం మన దగ్గరున్న రిసీవరే వాడాలి.

శనివారం రాత్రి పదింటికి విజయవాడ ఫ్రెండ్ ఫోన్ చేశాడు, ఫోన్ పక్క గదిలో పెట్టేశా, మా ఆవిడ తెచ్చిచ్చింది. వాడికి 40 మీటర్ల మీద ఇండియా, జోన్ 22 రెండూ కావాలి, రెండు నిమిషాలు రారా అన్నాడు. పాయింట్లు సున్నా అయినా ఇద్దరికీ రెండేసి మల్టిప్లయర్లు వస్తాయి. కానీ ఫోన్‌లో పిలుచుకుని కాంటాక్ట్ చేసుకోవడం రూల్స్ ప్రకారం కుదరదు, రేడియోలో తగిలితే ఆ బ్యాండ్‌కి రమ్మని అడగొచ్చు, అది దర్జాగా చేయొచ్చు. చెప్తే నొచ్చుకున్నాడు, ఇది కూడా మోసమేనా అన్నాడు. నాకూ మనసు బాలేదు, చిన్నప్పటి స్నేహితుడు. ఆదివారం పొద్దున 20 మీటర్ల మీద వాడు సీక్యూ (ఎవరైనా రండి అనే పిలుపు) పిలుస్తుంటే నేనే పిలిచా, అక్కడే ఒప్పుకుని 40కి వెళ్ళాం, ఆనక 15కి వెళ్ళాం. నవ్వుతూనే రిపోర్ట్ ఇచ్చాడు.

40 మీటర్ల సంగతి ఒకటి మనసులో ఉంది. పొద్దున పూట మన పెద్దవాళ్ళు అక్కడే కబుర్లు చెప్పుకుంటారు, కాంటెస్ట్ రోజు వాళ్ళకి చోటే ఉండదు. ఈసారి నేను సీక్యూ పిలిచే ముందు ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా అని రెండుసార్లు అడిగా, ఒకసారి ఒక పెద్దాయన మేమున్నాం బాబూ అన్నారు, సారీ అండీ అని జరిగిపోయా. 30, 17, 12 మీటర్లలో కాంటెస్టులు ఉండవు కాబట్టి వెళ్ళగలిగిన వాళ్ళు అటు వెళ్ళొచ్చు, కానీ వాళ్ళలో చాలామందికి ఉన్నది 40 మీటర్ల వైర్ ఒక్కటే కదా.

మరి ఆనందం ఎక్కడ అంటే నాకైతే ఆల్ ఏషియన్ ముందు గుర్తొస్తుంది. జపాన్ వాళ్ళ కాంటెస్ట్, సెప్టెంబర్ మొదటి వారాంతం మాటలది, అందులో సిగ్నల్ రిపోర్ట్‌తో పాటు మన వయసు చెప్పాలి, ఆడవాళ్ళు సున్నా సున్నా అన్నా చాలు. నేను 41 అని చెప్తుంటే అవతల్నించి 78, 74, 83 అని వస్తుంటాయి, ఒక 83 ఆయన ఎంత స్పష్టంగా, ఎంత వేగంగా చెప్పారంటే నేను రాసుకోడానికే ఆలస్యమైంది. స్కోర్ గుర్తు లేదు, ఆ అంకెలు గుర్తున్నాయి.

తుఫాను 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు ఆ రాత్రి పోయిన కరెంటు 30 సాయంత్రం వచ్చింది. లాగ్ పంపడానికి ఐదు రోజులే టైమ్, మన లెక్కలో నవంబర్ 1 పొద్దున ఐదున్నర దాకా. 29న చీకట్లో కూర్చుని లాగ్ తిరగేస్తుంటే నాలుగు కాల్ సైన్ల మీద అనుమానం, చివరి అక్షరం బీ నా వీ నా, డీ నా ఈ నా. ఆడియో రికార్డింగ్ నా దగ్గరుంది, ఇంటర్నెట్‌లో వెతికితే నిమిషంలో తేలిపోతుంది, ఒకాయన అదే సలహా ఇచ్చాడు కూడా. అయిపోయాక రికార్డింగులూ డేటాబేసులూ చూసి దిద్దకూడదని రూల్. నాలుగూ తప్పైతే 36 పాయింట్లు, నా 138 మల్టిప్లయర్లతో దగ్గర దగ్గర ఐదు వేలు స్కోర్. ముట్టుకోలేదు. ఆ క్షణంలో ఏం విన్నానో అదే లాగ్, ఈసారి అనుమానం వస్తే ఇంకోసారి అడగాలి, అంతే. 30 రాత్రి ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌లోడ్ చేశా, సింగిల్ ఆపరేటర్, లో పవర్, అసిస్టెన్స్ లేదు, క్లాసిక్. రూకీ టిక్ పెట్టలేదు, మూడేళ్ళు మార్చిలోనే దాటాయి. 523 పాయింట్లు ఇంటూ 138, క్లెయిమ్ 72,174. వాట్సాప్ లేకుండా, సగం ఆదివారం లేకుండా పోయినేటి కన్నా ఎక్కువ, చెకింగ్ అయ్యాక ఎంత మిగిలితే అంత.

నవంబర్ 9న మాస్టారు వచ్చారు, పైపు మళ్ళీ నిలబెట్టాం. పాత తాళ్ళు ఎండకి పెళుసైపోయి చేత్తో లాగితేనే తెగుతున్నాయి, తుఫానుకి దించకపోయుంటే షెడ్డు మీదే ఉండేది. జగన్నాథపురం వైపు పడవలకి తాళ్ళు అమ్మే షాపులో 8 ఎంఎం పాలిస్టర్ తాడు తీసుకున్నాం, ముడులు ఎలా వేయాలో షాపాయనే చూపించాడు. ఎస్‌డబ్ల్యూఆర్ 7.1 దగ్గర 1.3, 14.2 దగ్గర 1.4, 28.5 దగ్గర 1.6. మోర్స్ కాంటెస్ట్ 29న, నా స్పీడ్ నిమిషానికి 14 మాటలే, అక్కడ అందరూ దానికి రెట్టింపు కొడతారు, ఒక్కో స్టేషన్‌ని మూడు నాలుగుసార్లు విని కాల్ సైన్ పూర్తిగా పట్టాకే పిలుస్తా.