పద్నాలుగు కిలోల నూలు

మన బడి స్నేహితుల కలయిక సంచికకి రెండు పేజీలు రాసి పంపమని మన క్లాసు కండక్టరు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను ఆడిట్ మధ్యలో ఉన్నాను. రెండోసారి చేసినప్పుడు నిచ్చెనేసుకుని అటక మీద ఉన్నాను. మూడోసారి, "రాస్తావా, నీ పేరుతో నేనే రాసేయనా?" అన్నాడు. వాడు రాస్తే ఏం రాస్తాడో మనందరికీ తెలుసు. అందుకని కూర్చున్నాను.

"టీచర్లందరి గురించీ తలో ముక్కా రాయి, ఎవరికీ లోటు చెయ్యకు" అని కూడా చెప్పాడు. ప్రయత్నించాను. లెక్కల మాస్టారు రెండు వాక్యాలకే అయిపోయారు. హిందీ పండిట్‌గారికి ఆ తుమ్ము తప్ప ఏమీ గుర్తు రాలేదు. సైన్సు మాస్టారి కప్ప గురించి కనీసం అయిదుగురు రాస్తారు కాబట్టి వదిలేశాను. ఇక నాకు మిగిలింది లేసు టీచరుగారు. మగపిల్లలు ఈ పేజీ తిప్పేయవచ్చు. ఆ పీరియడ్‌లో మీరు కొబ్బరి మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు, లేదా పోసినట్టు పుస్తకంలో రాసేవాళ్ళు.

ముందు అటక సంగతి. వచ్చే మే 31న నేను రిటైరవుతున్నాను. బ్యాంకు లీజు మీద ఇచ్చిన మూడు పడకగదుల ఇల్లు వదిలి, కాకినాడలో మా 980 చదరపు అడుగుల ఫ్లాటుకి వెళ్ళిపోవాలి. సామాన్లు తరలించే కుర్రాడు ఇల్లంతా తిరిగి, అన్నీ రాసుకుని, అటక కింద ఆగాడు.

"ఆ ట్రంకుల్లో ఏముంది మేడం?"

"నూలు."

"అమ్మకానికా?"

పక్కగదిలో మా ఆయన నవ్వడం వినిపించింది.

ఇనప ట్రంకులు రెండు, చక్రం ఊడిన సూట్‌కేసొకటి, చీరల కొట్టు కవర్లు తొమ్మిది. అన్నీ దింపించి తూచాను. ఒక్క నూలే 14 కిలోలు తేలింది. సగంలో ఆపేసిన పనులు వేరు. మూడో వంతు అయిన మంచం దుప్పటి. ఆరు కుర్చీల వీపులకి వేద్దామనుకున్నవాటిలో నాలుగు. మా అమ్మాయి కడుపులో ఉండగా మొదలుపెట్టిన గౌను, దానికి చేతులు లేవు. ఆ పిల్లకి ఇప్పుడు 31 ఏళ్ళు, మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఆ గౌను ఇప్పుడు దాని కూతురికీ పట్టదు. ప్రతి కవర్లోనూ ఒక చీటీ ఉంది, ఫలానా తేదీన మొదలు, ఫలానా నంబరు నూలు, ఇన్ని ఉండలు బాకీ అని. బ్యాంకు ఉద్యోగం మనిషిని అలా తయారుచేస్తుంది. మాకు 90 రోజులు వాయిదా రాకపోతే అప్పు మొండిబాకీ కింద లెక్క. ఆ కొలతన చూస్తే నా అటక ఎప్పుడో దివాళా తీసింది.

కానీ ఇన్నాళ్ళూ నా దృష్టిలో అది మొండిబాకీ కాదు, డిపాజిట్. "రిటైరయ్యాక చేసుకుంటాను" అన్న ఒక్క మాట మీద ముప్పై ఏళ్ళు కొన్నాను. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ ఇల్లు వెతకడం కంటే ముందు నూలు కొట్టు వెతికేదాన్ని. ఇప్పుడు ఆ రిటైరయ్యాక అనేది నిజంగా వచ్చేస్తోంది, నా కుడి చూపుడు వేలు మాత్రం పొద్దున్నే సగమే మడుస్తోంది. పోయినేడు కంట్లో శుక్లం తీశారు. 40 నంబరు సన్న నూలు పగటి వెలుగులో తప్ప అల్లలేను.

మా అక్క తన రిటైర్మెంట్ నాడే కుట్టు మిషనుతో సహా అన్నీ ఇచ్చేసి "హాయిగా ఉందే" అంది. మూడు నెలలకి ఫోన్ చేసి, "లేసు సూది ఒకటుంటే పంపవే, ఏమీ తోచట్లేదు" అంది. కాబట్టి ఎవరి సలహా అడగాలో తెలీలేదు. అడగవలసిన మనిషి పోయి పన్నెండేళ్ళయింది.

లేసు టీచరుగారు సఖినేటిపల్లి నుంచి పంటి మీద, అంటే రేవు దాటించే పడవ మీద, గోదారి దాటి మన నరసాపురం వచ్చేవారు. వరదొస్తే ఆవిడ పీరియడ్ ఉండేది కాదు, అందుకని పెద్ద బుజ్జీ చిన్న బుజ్జీ ప్రతి ఆగస్టులోనూ వరద కోసం మొక్కుకునేవాళ్ళు. ఆవిడ కూర్చున్నా, నడిచినా, హెడ్మాస్టారితో మాట్లాడుతున్నా వేళ్ళు ఆగేవి కావు. నూలుండ చంకలోని సంచీలో, సూది చేతిలో. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844లో దుమ్ముగూడెంలో మనవాళ్ళకి లేసు నేర్పారని, అక్కణ్ణుంచి అది గోదారి పొడుగునా దిగి మన అరుగుల మీదికి వచ్చిందని చెప్పేవారు. ఇంకో ముక్క చరిత్ర చెప్పేవారు కాదు. "మిగతాది మీ అమ్మల్ని అడగండే" అనేవారు. నిజమే, మనలో సగం మంది ఇళ్ళల్లో ఏజెంటు నూలు తూచి ఇచ్చి, లేసు తూచి పట్టుకెళ్ళేవాడు. నా మొదటి పరీక్ష ఫీజు మా అమ్మ అల్లిన పూలదే.

తొమ్మిదో తరగతిలో వార్షికోత్సవానికి వేదిక మీద బల్లకి లేసు గుడ్డ వెయ్యాలని ఆవిడ పట్టుబట్టారు. ఏడేసి పూలతో పన్నెండు వరసలు, మొత్తం 84. మనం ఆడపిల్లలం ఇరవై ఒక్కళ్ళం, మనిషికి నాలుగు. ఎనిమిది గొలుసులు వేసి గుండ్రంగా కలిపి, చుట్టూ ఎనిమిది రేకులు. నాలుగు వైపులా రెండేసి రేకులు పక్క పువ్వుకి అతకాలి. అతుకుపని మాత్రం ఆవిడే చేస్తారు, మనకి ఇవ్వరు.

నావి మూడు పూలు పాసయ్యాయి. నాలుగోది ఇచ్చాను. ఆవిడ దానివైపు చూడనే లేదు. కిటికీలోంచి పంటి వస్తోందా లేదా అని చూస్తూ, బొటనవేలితో రేకుల అంచు ఒక్కొక్కటే తడుముతూ వెళ్ళి, మొదటి రేకు దగ్గరికొచ్చి ఆగారు.

"ఏడు. విప్పెయ్యి."

"ఎవరికి కనపడుతుందండీ?"

"ఎవరికీ కనపడదే. అతికేది నేను కదా, ఎనిమిదో రేకు ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

విప్పాను. మళ్ళీ అల్లితే తొమ్మిదొచ్చాయి. విప్పాను. మూడోసారికి నూలు నలిగి, పీచు లేచి, నా చేతి మసంతా పట్టి పేలిక రంగుకి వచ్చింది. ఎనిమిదీ సరిగ్గానే ఉన్నాయి గానీ, ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, మిగతా 83 పూల పక్కన ఉంచి చూసి, ఏమీ అనకుండా నాకు తిరిగిచ్చేశారు. తిట్టినా బాగుండేది. కొత్త నూలుతో మొదలుపెట్టేసరికి వార్షికోత్సవం వచ్చేసింది. ఒక మూల పువ్వంత ఖాళీతోనే గుడ్డ వేదికెక్కింది. ఆ ఖాళీ మీద కాగితం పూల కూజా పెట్టారు. తర్వాత ముఖ్య అతిథిగారి వాచీ సంగతి నేను రాయను, చిన్న బుజ్జి రాస్తానంది, దాని సొమ్ము నాకెందుకు.

పదో తరగతి గురించి నాకేమీ గుర్తులేదు, పాసయ్యానని తప్ప. ఇంటరు, డిగ్రీ, పరీక్షలు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఇవన్నీ మీకూ జరిగాయి. గొప్పలకి పోవడం కాదు గానీ, క్లర్కుగా చేరిన దాన్ని చీఫ్ మేనేజర్‌గా దిగుతున్నాను. నా సంతకం లేకపోతే కొన్ని కోట్లు కదలవని మా ఆయన చుట్టాలతో చెబుతుంటాడు, నేను "ఊరుకోండి" అంటూ వింటుంటాను.

1994లో టీచరుగారు రిటైరయ్యారు. దగ్గర్లో ఉన్న ఆరేడుగుర్ని ఓ ఆదివారం రమ్మన్నారు. పంటి దిగి వెళ్ళేసరికి వసారాలో ట్రంకు తెరిచి కూర్చున్నారు. పాత చీరగుడ్డల్లో చుట్టిన మూటలు, ప్రతి మూటలోనూ సగంలో ఆపిన పని, సూది ఇంకా ఆఖరి గొలుసులోనే. సన్మానానికి వచ్చామనుకున్నాం. ఆవిడ పంపకాలకి పిలిచారు. "నావల్ల ఇన్ని కావే. పట్టుకెళ్ళండి. సూదులు కూడా పట్టుకెళ్ళండి, తియ్యకండి, జారిపోతాయి" అన్నారు. ట్రంకు అడుగున తన కోసం ఒకే ఒక్క మూట ఉంచుకున్నారు. ఏమిటని అడిగితే చూపించలేదు.

నాకు ఇచ్చింది బల్లగుడ్డ. పదిహేనేళ్ళుగా పచ్చబడి, మీగడ రంగుకి తిరిగి, ఆ మూల ఖాళీ అలాగే ఉంది. "నీ పువ్వు బాకీ" అన్నారు. అప్పటికి నేను ఆఫీసర్ని, రోజూ జనానికి బాకీ నోటీసులు పంపేదాన్ని.

నా జబ్బు అక్కడ మొదలైంది. ఒక్క పువ్వు, గంటన్నర పని. కానీ కొత్త నూలు తెల్లగా ఉంటుంది, ఆ గుడ్డ మీగడ రంగు. విజయనగరంలో కొన్న తెలుపు నీలంగా కొట్టింది. కర్నూల్లోది సున్నంలా ఉంది. టీ డికాక్షన్‌లో ఉడకబెడితే ఒకసారి గోధుమరంగు, ఒకసారి మరకలు. ఆ ఒక్క పువ్వుకి సరిపోయే నూలు కోసం పదకొండు బదిలీల్లో పదకొండు తెలుపులు కొన్నాను, ఒక్కోటీ ఒక ఉండ కొంటే కొట్టువాడు ఏమనుకుంటాడోనని డజను చొప్పున. కొన్నాక ఊరికే ఉంచడం ఎందుకని దుప్పటి మొదలు, తెర మొదలు, గౌను మొదలు. ఈ సంగతి నాకు కూడా మొన్న అటక దింపించి, చీటీలన్నీ తేదీల వారీగా పేర్చినప్పుడే అర్థమైంది. మొదటి చీటీ 1994 జూన్.

సరే, లెక్క కడదామనుకున్నాను. 20 గ్రాముల ఉండ నాకు వారం పడుతుంది, రోజుకి గంటన్నర కూర్చుంటే. 14 కిలోలంటే 700 ఉండలు, 700 వారాలు. పదమూడేళ్ళ అయిదు నెలలు. ఇకమీద ఒక్క ఉండ కూడా కొనకుండా, జ్వరం రాకుండా, మెల్‌బోర్న్ వెళ్ళకుండా, వేలు మొరాయించకుండా ఉంటే నాకు 73 దాటాక పూర్తవుతుంది. ఇంత కాలానికి అరవై ఏళ్ళ మనిషికి ఏ హామీ మీద అప్పిస్తాం?

ఎవరికైనా ఇచ్చేద్దామని నవంబరులో మన ఊరు వెళ్ళాను. 2024లో మన లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టుకున్నాం కదా, ఆ ఉత్సాహం ఇంకా ఉంది నాకు. మా పాత వీధిలో అరుగు మీద ఒకావిడ అల్లుతోంది, నా ఈడే ఉంటుంది. నూలు ఊరికే ఇస్తానన్నాను. ఆవిడ చెయ్యి ఆపకుండా, "ఏజెంటు నూలే అవ్వట్లేదండీ, మీ నూలు కూడా నేనెక్కడ అల్లనండీ" అంది. తర్వాత నా సంచీలోని గౌను ముక్క తీసి చూసి, "బాగా వచ్చిందండీ. ముక్కకి ఎంత ఇస్తారండీ మీకు?" అని అడిగింది. నేను సరదాకి అల్లుతానని చెప్పడానికి నోరు రాలేదు. మెషీన్ లేసు వచ్చి రేట్లు ఎలా పడిపోయాయో ఆవిడ చెబుతుంటే వింటూ కూర్చుని, కాఫీ తాగి వచ్చేశాను. నూలు సంచీ నాతోనే తిరిగొచ్చింది.

మా ఆయన ఒక్క ట్రంకుకి ఒప్పుకున్నాడు. ఫ్లాటులో మంచం కింద సరిగ్గా ఒకటి పడుతుందని టేపు పెట్టి కొలిచి మరీ చూపించాడు. అందులోకి దుప్పటి వెళ్ళింది, గౌను వెళ్ళింది (చేతులు వేస్తానని కాదు, ఊరికే), లావు నూలు రెండు కిలోలు వెళ్ళింది. తెర రాత్రి పెట్టాను, పొద్దున తీశాను, ఇది రాస్తున్న సమయానికి మళ్ళీ లోపలే ఉంది. ఇంకో ట్రంకూ సూట్‌కేసూ జనవరిలో మీ దగ్గరికి వస్తున్నాయి. భోజనాల పక్కన పెడతాను. ఒక్కో కవర్లో ఒక పని, దాని నూలు, దాని చీటీ, సూది గొలుసులోనే ఉంటుంది. తియ్యకండి, జారిపోతుంది. పెద్ద బుజ్జీ, నువ్వు అప్పట్లో మూడు పూలు మీ పిన్నితో అల్లించి తెచ్చావని నాకు తెలుసు, కుర్చీ వీపులవి నీకే.

బల్లగుడ్డ ఎవరికీ ఇవ్వను. మొన్న చీటీలు సర్దుతుంటే 1994 నాటి మొదటి నూలుండ దొరికింది. ట్రంకు అడుగున ఇన్నేళ్ళు పడి ఉండి దానంతటదే పచ్చబడింది. గుడ్డ పక్కన పెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను, మా ఆయన్ని పిలిచి చూపించాను, తేడా తెలియట్లేదన్నాడు. ఆయనకి ఏ తెలుపుకీ తేడా తెలియదనుకోండి. పువ్వు మొదలుపెట్టాను. ఆరో రేకు నడుస్తోంది, కలయికనాటికి అవుతుంది.

అందుచేత కండక్టరూ, ఆ రోజు వేదిక మీద బల్లకి గుడ్డ అద్దెకి తేవద్దు. నేను తెస్తున్నాను. ముఖ్య అతిథిగా ఎవర్ని పిలిచావో నాకు చెప్పలేదు గానీ, ఎవరైనా సరే, వాచీ తీసి కూర్చోమను.