నడిచి వెళ్లిన శ్రీశైలం

ఈసారి శివరాత్రికి నంది వడ్డెమాన్ నుంచి నడక మొదలుపెట్టాం. ఒకప్పుడు గోన వంశం వాళ్లు ఏలిన వర్ధమానపురం అదే, ఆ పాత రాళ్ల ముందు నిలబడి దండం పెట్టుకుంటే కాళ్లకు ఎక్కడలేని బలం వచ్చింది. నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటాం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరంలో మాత్రం ఆగాల్సిందే: కొండరాయి కింద పాపనాశనం దగ్గర చుక్కచుక్కగా రాలే నీళ్లకు దోసిలి పట్టి, నిండేదాకా ఆగి తాగాను. మన్ననూరు దాటితే అంతా అమ్రాబాద్ పులుల అడవి, రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు (మంచి పనే). దయచేసి అక్కడ ప్లాస్టిక్ సీసాలు పారేయకండి. వటవర్లపల్లి చేరేసరికి అరికాలిలో బొబ్బ పగిలింది. తోటి స్వామి ఒకాయన "కూసో స్వామీ" అని తన కండువా చింపి కట్టాడు. దోమలపెంట, ఈగలపెంట దాటి ఘాట్ దిగుతుంటే కింద కృష్ణ కనిపించింది, ఏడుపొచ్చేసింది.