చేపల పెట్టెలో చలికాలం

కళింగపట్నం ఒడ్డున మా చినమావ థర్మకోల్ పెట్టెలో ఐసు, చేప, మళ్లీ ఐసు పేర్చి, మూత చుట్టూ టేపు తిప్పుతూ అడిగాడు: "ఏట్రా, ఆ దేశంలో రేకు బండిలో ఉన్నావంట?"

నిజమే. కెనడాలో, అల్బెర్టాలో వెల్డింగ్ పని. అద్దెలు కట్టలేక కొన్న పాత ట్రైలర్‌లో ఒక చలికాలం గడిపాను. కారు వెనక తగిలించుకుని వేసవి షికార్లకి వెళ్లడానికి చేసిన బండి అది, గోడలు రెండంగుళాలు కూడా లేవు. బయట మైనస్ 30.

మొదట మెరిసే బబుల్ షీటు కొని గోడలకి అంటించేశాను. చవక, కత్తెరతో కోసేయొచ్చు. వెండి పొర ముందు కాస్త గాలి ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుందని అప్పటికి తెలీదు. వారం తిరక్కుండా ఒక పొద్దున్న లేచేసరికి దుప్పటి అంచు గోడకి అతుక్కుపోయింది. లాగితే పటపటమంది. నా ఊపిరి, అన్నం ఆవిరి, గ్యాసు మంటలోంచి వచ్చే తేమ, అన్నీ షీటు మీదా వెనకా చేరి మంచుగడ్డ కట్టాయి.

షీటు పీకేశాను. గాజు ఉన్ని చవకే, కానీ తడిస్తే గోడలోపలే జారిపోతుంది. చివరికి గులాబీ రంగు ఫోమ్ పలకలు కొన్నాను, మన థర్మకోల్‌కి దగ్గర చుట్టం. చలిని ఆపే బలాన్ని అక్కడ 'ఆర్' అంకెతో చెప్తారు. ఈ పలకకి అంగుళం మందానికి 5, గాజు ఉన్నికి 3 పైచిలుకు. 6 ఉండే రకం కూడా ఉంది గానీ, గట్టి చలిలో దాని బలం తగ్గుతుంది. చలి కోసం కొనేదానికి అదేం గుణమో!

అయినా కాళ్లు జివ్వుమనేవి. గాలి బండి కిందనుంచి కొడుతోంది. చుట్టూ నేలదాకా పలకలు నిలబెట్టి మూసేశాక, నీళ్ల గొట్టానికి కరెంటు వేడి టేపు చుట్టాక గానీ నిద్ర పట్టలేదు. మైనస్ 42 దగ్గర సిలిండర్‌లో ప్రొపేన్, అంటే అక్కడి స్టవ్ గ్యాసు, ఆవిరి కాదు. మైనస్ 38 చూసిన పొద్దున్న స్టవ్ మంట మిణుకుమిణుకుమంది. టీ కాచుకోవడానికి అరగంట.

"ఇంత చేసి, తేమ పోవడానికి కిటికీ కాస్త తెరిచి పడుకునేవాణ్ణి మావా."

నవ్వి, టేపు నా చేతికిచ్చాడు. రెండో పెట్టెకి చుట్టాను. ఆయన బొటనవేలితో అంచంతా తడిమి, ఒక మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడ వదిలేశావురా."