పదకొండు నెలల మాటల తరువాత కుదిరిన ఒక సాయంత్రం

మేము ఏడుగురం మిత్రులం. చదువులు ముగిశాక తలో చోటికి చేరుకున్నా, ఫోనులోని గ్రూపులో సినిమాల ప్రస్తావన లేకుండా మాకు రోజు గడవదు. ఆ మాటల మధ్య రెండు వారాలకొకసారి ఎవరో ఒకరు, "ఒరేయ్, ఈసారి అందరం ఒకచోట చేరి, మంచి సినిమా ఒకటి చూసి, బీరు తాగుతూ తీరిగ్గా మాట్లాడుకుందాంరా" అని రాసేవారు. వెంటనే అందరూ సరేనంటే సరేననేవారు, అరగంట గడిచేసరికి మాట మరో సినిమా మీదికి మళ్ళిపోయేది. పదకొండు నెలలు ఇలాగే సాగాయి. ఒక రాత్రి మాలో ఒకడు, మనం ఏడుగురం చివరిసారి ఒకే గదిలో ఎప్పుడు కూర్చున్నామో తనకు గుర్తుకు రావడం లేదని రాశాడు. నేను పాత సందేశాల్లో 'కలుద్దాం' అన్న మాటను వెతికి చూస్తే అది నలభైకి పైగా చోట్ల కనిపించింది. ఆ రాత్రే ఈ పని నేను చూసుకుంటానని గ్రూపులో మాట ఇచ్చాను.

అన్నిటికంటే ముందు తేదీ తేలాలి. ఇంతకాలం మేము చేసిన పొరపాటు ఎక్కడుందో పాత సందేశాలు చదువుతుంటేనే అర్థమైంది. "ఎప్పుడు వీలవుతుంది?" అని గ్రూపులో అడిగితే ఏడుగురూ ఏడు తేదీలు చెబుతారు, ఒకరి జవాబు చూసి మరొకరు తమది మార్చుకుంటారు, చివరికి ఎవరూ ఏదీ ఖాయం చేయరు. అందుకని ఈసారి గ్రూపులో అడగకుండా ఒక్కొక్కరికీ విడిగా ఫోను చేసి, రాబోయే ఎనిమిది శనివారాల్లో అసలు కుదరనివి ఏవో మాత్రమే చెప్పమన్నాను. కుదిరే రోజు చెప్పడానికి తడబడే మనిషి, కుదరని రోజును ఒక్క క్షణంలో చెప్పేస్తాడు. రెండు శనివారాలు మిగిలాయి. మొదటిదాన్ని ఖాయం చేసి, ఇక ఒక్కరి కోసం కూడా తేదీ మారదని అందరికీ చెప్పాను. ఆ మాట అనడం నాకు కష్టంగానే తోచింది, ఎందుకంటే వారం తిరగకముందే, ఆసుపత్రిలో పనిచేసే మిత్రుడికి సరిగ్గా ఆ రాత్రే డ్యూటీ పడింది. "నా కోసం మార్చొద్దురా, మారిస్తే మళ్ళీ పదకొండు నెలలు పోతాయి" అని అతడే అనడంతో నేను నిలబడగలిగాను.

సినిమా ఎంపిక అంతకంటే చిక్కు. రోజూ సినిమాల గురించే మాట్లాడుకునే వాళ్ళకు ఒక్క సినిమా మీద ఒప్పందం కుదరడం ఎంత కష్టమో ఆ వారం రోజుల్లో తెలిసింది. నేను పెట్టిన పద్ధతి ఇది: ఒక్కొక్కరూ ఒక సినిమా చెప్పవచ్చు, ఒక్కొక్కరూ ఒకదాన్ని కారణం చెప్పకుండా తీసేయవచ్చు. కారణం అడగకూడదన్న షరతు చాలా మేలు చేసింది, ఎందుకంటే మాలో వాదనంతా అక్కడే మొదలవుతుంది. నిడివి రెండు గంటలు దాటకూడదన్న షరతు కూడా పెట్టాను. మూడు గంటల సినిమా చూస్తే, ఆ పైన దాని గురించి మాట్లాడుకోవడానికి రాత్రి మిగలదు, మేము కలుస్తున్నదేమో ఆ మాటల కోసమే. చివరికి దాదాపు అంతా ఒకే గదిలో నడిచే, గంటన్నర నిడివి ఉన్న ఒక పాత నలుపు తెలుపు సినిమా మిగిలింది. మాలో ముగ్గురు దాన్ని చూడలేదు, చూసిన వాళ్ళకు మళ్ళీ చూడాలన్న ఆశ ఉంది.

సినిమా నడుస్తుండగా బీరు తాగాలా, ముగిశాక తాగాలా అన్న చర్చ రెండు రోజులు నడిచింది. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి తొలిసారి సినిమాలు చూపించింది పారిస్‌లోని ఒక కెఫే నేలమాళిగలోనే కదా, పానీయాలకూ సినిమాకూ మొదటి నుంచీ చుట్టరికం ఉందని ఒకడు వాదించాడు. అతని మాట నాకు నచ్చింది కానీ, ఆ రోజు చూపించినవి పది చిన్న చిత్రాలు, ఒక్కొక్కటీ నిమిషం లోపే. మేము చూడబోయేది ముఖాల మీద కదిలే చిన్న చిన్న భావాలతో నడిచే కథ, మధ్యలో నలుగురు లేచి వెళ్ళి వస్తుంటే ఆ పట్టు సడలిపోతుంది. సినిమాకు ముందు తలో గ్లాసు, మిగిలినదంతా ముగిశాక అని తేల్చుకున్నాం. ఆ నిర్ణయం సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

బీరు గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చేదునిచ్చే హాప్స్ పువ్వులు, నీళ్ళు, వాటిని పులియబెట్టే ఈస్ట్, ఇంతేనని అనుకునేవాణ్ణి. బీర్లలో లాగర్ అనే రకాన్ని చల్లని వాతావరణంలో నెమ్మదిగా పులియబెడతారని, ఏల్ అనే రకాన్ని అంతకంటే వెచ్చగా, త్వరగా పులియబెడతారని, అందుకే ఏల్‌లో పండ్ల వాసన తెలుస్తుందని ఒక మిత్రుడు చెబితే విన్నాను. లాగర్ 4 నుంచి 7 డిగ్రీల మధ్య బాగుంటుంది. స్టౌట్ అనే నల్లటి బీరును మాత్రం 10 డిగ్రీలకు పైన తాగితేనే అందులోని కాఫీ, చాక్లెట్ లాంటి రుచులు నాలుకకు అందుతాయి. స్టౌట్ సీసాలను ముందుగానే ఫ్రిజ్ లోంచి తీసి బయట పెట్టుకోవాలన్న మాట.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. నాలుగు రోజుల ముందే తెచ్చిన సీసాల్లో కొన్ని ఫ్రిజ్‌లో పట్టకపోవడంతో వాటిని కిటికీ పక్కన వరుసగా పెట్టాను. ముందు రోజు రుచి చూద్దామని అందులో ఒక ఆకుపచ్చ సీసా మూత తీశాను. చిన్నగా గాలి వదిలిన చప్పుడు, ఆ వెంటనే ముక్కుకు తగిలిన వాసన: రబ్బరు కాలినట్టు, ఏదో జంతువు మూత్రం తగిలినట్టు ఘాటుగా ఉంది. సీసాను దూరంగా పట్టుకుని మళ్ళీ వాసన చూశాను, అదే. ఎండ వెలుతురు హాప్స్‌లోని చేదు పదార్థాలను విరగ్గొట్టి గంధకం కలిసిన మరో పదార్థాన్ని పుట్టిస్తుంది, అది అతి స్వల్పంగా ఉన్నా ముక్కు పసిగడుతుంది. ముదురు గోధుమరంగు గాజు ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది, తెల్లది ఆపలేవు. ఆ వరుసలోని ఆకుపచ్చ సీసాలన్నీ పారబోయక తప్పలేదు. మిత్రుల కోసం తెచ్చినవాటిని నా అజాగ్రత్తతో పాడుచేశానన్న బాధ ఆ సాయంత్రమంతా వదల్లేదు. కొత్తగా తెచ్చినవాటిని చీకటి అలమరలో ఉంచాను. మరునాడు బకెట్లో నీళ్ళు, ఐసు ముక్కలు, గుప్పెడు ఉప్పు కలిపి అందులో ముంచితే అరగంట లోపే చల్లబడ్డాయి. ఫ్రీజర్ జోలికి పోలేదు, అక్కడ మరచిపోతే గడ్డకట్టి సీసాలు పగులుతాయి.

ఎంత తేవాలన్నది లెక్క వేసుకోవలసిన విషయమే. 5 శాతం ఆల్కహాల్ ఉన్న 330 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 13 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, దాన్ని వదిలించుకోవడానికి శరీరానికి రెండు గంటల దాకా పట్టవచ్చు. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా ఆ వేగం పెరగదు. అందువల్ల బండి నడిపేవాళ్ళు ఒక్క గుక్క కూడా తాగకూడదని ముందే చెప్పాను. ఇద్దరు స్వచ్ఛందంగా ఆ బాధ్యత తీసుకున్నారు, మిగిలినవాళ్ళలో కొందరిని వాళ్ళు దింపుతామన్నారు, తక్కినవాళ్ళకు నా ఇంట్లోనే పడకలు వేశాను. మందులు వాడుతున్న మరొక మిత్రుడికి ఆల్కహాల్ లేని బీరు వెతకాల్సి వచ్చింది. అలా అమ్మే కొన్నింటిలో 0.5 శాతం దాకా ఉండవచ్చు కాబట్టి, అట్ట మీద 0.0 అని ఉన్నదే తీసుకున్నాను. అతడి చేతిలోనూ అందరి చేతుల్లో ఉన్నట్టే నురగతో గ్లాసు ఉండాలని నా కోరిక.

ముందు రోజు రాత్రి సినిమాను పది నిమిషాలు వేసి చూసుకోవడం చాలా మంచిదైంది. బొమ్మ ఎందుకో టీవీ సీరియల్‌లా నున్నగా జారుతోంది. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, కొత్త టీవీలు మధ్యలో తమంతట తాము ఫ్రేములు కల్పించి కదలికను నునుపు చేస్తాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపేశాక బొమ్మ సినిమాలా కనిపించింది. సంభాషణలు సన్నగా, సంగీతం పెద్దగా వినిపించడానికి కారణం కూడా సెట్టింగే. టీవీ ఆరు స్పీకర్ల కోసం విడదీసిన శబ్దం పంపుతుంటే నా దగ్గరున్నవి రెండు స్పీకర్లే, దాన్ని రెండు స్పీకర్లకు సరిపోయే స్టీరియోకు మార్చగానే మాటలు స్పష్టపడ్డాయి.

శనివారం ఆరుగురం చేరాం. గ్లాసులను ఉత్త నీళ్ళతో మళ్ళీ కడిగి ఆరబెట్టి ఉంచాను, ఎందుకంటే సబ్బు జిడ్డు మిగిలితే నురగ నిలవదు. గ్లాసును వంచి పట్టుకుని అంచు వెంట బీరు పోసి, సగం దాటాక నిటారుగా నిలిపితే పైన రెండు వేళ్ళ మందాన తెల్లటి నురగ లేచింది. అది దిగుతూ గ్లాసు లోపల వలయాలుగా గీతలు మిగిల్చింది. ఫోన్లు పక్క గదిలో పెట్టి దీపాలు ఆర్పాం. గంటన్నర సేపు ఎవరూ కదల్లేదు. ముగిశాక కూడా కాసేపు ఎవరూ దీపం వేయలేదు.

ఆ తరువాత మాటలు తెల్లవారుజామున మూడింటి దాకా సాగాయి. గ్రూపులో ఒకరినొకరు ఖండించుకునే ఇద్దరు, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఒకరు చెప్పేది మరొకరు చివరిదాకా విన్నారు. ముసలి పాత్ర కళ్ళద్దాలు తీసి తుడుచుకునే దృశ్యాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాం. అతడి మనసు అక్కడే మారిందని నేనంటే, అంతకు ముందే మారిందని, అది బయటపడింది మాత్రం అక్కడని మందులు వాడే మిత్రుడు పట్టుబట్టాడు.

మరునాడు ఉదయం అందరూ వెళ్ళిపోయాక గ్లాసులు కడుగుతుంటే ఫోను మోగింది. రాలేకపోయిన మిత్రుడు. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళి, నిద్రపోకుండా అదే సినిమా ఒంటరిగా చూశాడట. "కళ్ళద్దాల దగ్గర మారిందని నువ్వే అని ఉంటావు, నాకు తెలుసు. కాదురా, మళ్ళీ చూడు" అన్నాడు. తడి చేతులతోనే ఫోను పట్టుకుని, అలమరలో మిగిలిన నాలుగు సీసాలను చూస్తూ, రాబోయే ఎనిమిది శనివారాల్లో నీకు కుదరనివి ఏవో చెప్పమన్నాను.