గద్దపాలైన కోడికాలు

టాంజానియా అంటే ఎండలు మాడ్చేస్తాయనుకుని ఒక్క స్వెట్టరే పెట్టుకున్నాను. జంతువుల్ని చూడ్డానికి మేం దిగాల్సిన ఎన్‌గోరోంగోరో అగ్నిపర్వత బిలం అంచు దాదాపు 2,300 మీటర్ల ఎత్తు. జూన్‌లో, తెల్లవారుజామున, పైకప్పు తెరిచిన జీపులో పళ్లు టకటకలాడాయి. మన లంబసింగిలోనూ ఇంతే చలి, కానీ అక్కడ మంట పక్కన నిలబడి టీ అయినా తాగొచ్చు.

ఆరింటికి గేటు తీశారు. మంచులో ముందు బండి వెనక లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. డ్రైవరు అప్పుడు తీరిగ్గా చెప్పాడు, కిందికి జిరాఫీలు రావని. గోడలు మరీ నిటారుగా ఉంటాయట, వాటికి సరిపడా మేతా లేదట. మా అమ్మాయి జిరాఫీ బొమ్మ టీషర్టు వేసుకుని కూర్చుంది. ఆ దేశపు జాతీయ జంతువే జిరాఫీ! బండి బిలంలోకి దిగడానికే 250 డాలర్ల పైమాట, తలకి రుసుము వేరే. బుకింగ్ చేసినవాళ్లు ఈ ఒక్క ముక్క ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయేది?

పిల్ల ముడుచుకుపోయింది. నాకూ చిరాకే. అయితే 600 మీటర్లు దిగేసరికి మంచు పైనే ఉండిపోయింది. ఎప్పుడో కూలిపోయిన అగ్నిపర్వతం కడుపులో 260 చదరపు కిలోమీటర్ల పచ్చిక, దాని నిండా జీబ్రాలు, అడవిదున్నలు. సింహాలు రెండు, రోడ్డు పక్కనే నిద్ర. రేడియోలో "కీఫారు" అనగానే బండ్లన్నీ ఒకవైపే పరుగు. కీఫారు అంటే ఖడ్గమృగం. బైనాక్యులర్స్‌లో నల్ల చుక్క కనబడింది. బండరాయి అన్నా నమ్మేవాణ్ణే.

కొలను దగ్గర టిఫినుకి ఆగాం. బండిలోనే తినమని డ్రైవరు రెండుసార్లు చెప్పాడు. కాళ్లు పట్టేశాయని నేను దిగాను. డబ్బాలోంచి కోడికాలు తీశానో లేదో, చెవి పక్కన గాలి కొట్టినట్టయింది. చేతిలో కోడికాలు లేదు. పైన గద్ద.

చిన్నప్పుడు గద్ద నీడ కనబడితే చాలు, మా నాయనమ్మ పళ్లెం వాయించి కోడిపిల్లల్ని గంప కింద మూసేది. నన్ను మూసేవాళ్లెవరూ లేకపోయారు. మా ఆవిడ వేలి మీద గీత చూసి ఆయింట్‌మెంట్ వెతుకుతుంటే, పొద్దుటి నుంచి మొదటిసారి అమ్మాయి పకపకా నవ్వింది.

"నాన్నా, ఇంకోటి పట్టుకో, వీడియో తీస్తా!"

మిగిలింది ఉడికిన గుడ్డు. బండెక్కి, అద్దాలు మూసుకుని తిన్నాను.